మట్టిలో దొరికిన పాత గిల్టు నగ: అపోహలు – వాస్తవాలు

మెటల్ డిటెక్టర్‌తో పాత గిల్టు నగ దొరికిన వారు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ‘ఇది బంగారమా?’ అన్నదే. అయితే ఆ ప్రశ్న నా దాకా వచ్చేసరికే చాలామంది నగను సబ్బునీళ్లలో నానబెట్టి, బ్రష్‌తో తోమి ఉంటారు.

అపోహ: ఇన్నేళ్లు వానకూ తడికీ ఓర్చుకున్న నగను కాసిని నీళ్లేం చేస్తాయి?

వాస్తవం: మిగిలి ఉన్న కాస్త అందాన్నీ పోగొడతాయి. పాత రైన్‌స్టోన్లు చాలావరకు వెనుకవైపు పలుచని లోహపు పూత ఉన్న గాజురాళ్లు. వాటి తళుకులో ఎక్కువ భాగం ఆ పూత వెలుతురును తిప్పి పంపడం వల్లనే వస్తుంది. రాయికీ గూటికీ మధ్య చేరిన నీరు త్వరగా ఆరదు కనుక పూత పొరలుగా లేచి రాయి లోపలి నుంచి నల్లబడుతుంది, ఆ నలుపు పైన ఎంత తుడిచినా పోదు. ఇక ఇత్తడి మీది బంగారు పూత తరచుగా ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందమైనా ఉండదు. దాని సన్నని రంధ్రాల గుండా వచ్చిన చిలుము పూత అడుగున కూడా పాకి ఉంటుంది కాబట్టి, నిమ్మరసమో వెనిగరో పోసి రుద్దితే చిలుముతో పాటు పూతా ఊడివస్తుంది.

పువ్వు ఆకారపు బ్రోచ్ (దుస్తులకు గుచ్చుకునే పిన్ను నగ) ఒకటి తెచ్చి చూపిన యువకుడు నాకింకా గుర్తున్నాడు. తవ్వి తీసినప్పుడు రాళ్లన్నీ మెరిశాయట. రాత్రంతా నానబెట్టాక సగం రాళ్లు నల్లబడ్డాయి. అతని బాధ చూసి, పాడైన పూత తిరిగి రాకపోయినా అదే కొలత గల పాత రాళ్లు సంపాదించి మార్చుకోవచ్చని చెప్పాను. మీకూ అలా జరిగి ఉంటే కంగారుపడి ఆ నగను పారేయకండి.

నగను ముందు నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. తరువాత చెక్క పుల్లతో మట్టిని మెల్లగా వదిలించి, మెత్తని పొడి బ్రష్‌తో దులిపితే చాలు. సముద్రతీరంలో దొరికిన, రాళ్లు లేని లోహపు నగ మాత్రం దీనికి మినహాయింపు. ఉప్పు లోహాన్ని తింటూనే ఉంటుంది కనుక దాన్ని మంచినీటిలో ఉంచి, నీరు పలుమార్లు మార్చి, వెంటనే ఆరబెట్టాలి.

మిగిలిన పుకార్లకు ఇంత చర్చ అనవసరం. మట్టిలోని లోహాన్ని బట్టి డిటెక్టర్ తెరమీద కనిపించే అంకె అది బంగారమని తేల్చదు. ఇత్తడి ముక్క, డబ్బా మూత రింగు, ఉంగరం ఒకే అంకె చూపగలవు. అయస్కాంతానికి అంటుకోనిదల్లా బంగారం కాదు, ఇత్తడీ అంటుకోదు. గిల్టు నగలో విలువైన లోహం అసలు ఉండదన్నదీ తప్పే: రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ నగల పోత లోహంలో వాడే తగరం మీద ఆంక్షలు రావడంతో అమెరికాలో పలువురు తయారీదారులు వెండి వాడారు, కనుక వెనుకవైపు వెండిని సూచించే ‘స్టెర్లింగ్’ ముద్ర కోసం చూడండి.

పాత పోత లోహంలో సీసం ఉంటుందని విని భయపడుతున్న వారు, ముట్టుకున్న తరువాత చేతులు కడుక్కుంటే చాలు. దాన్ని ఆకురాయితో అరగదీయకండి, వేడి చేయకండి, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అందనివ్వకండి.