తూము ఎంత ఎత్తాలి? వీడియో సర్వర్ల పాత చిక్కు

సుంకేశుల వద్ద ఎంత నీరు వదిలినా, కేసీ కాలువ మోయగలిగినంతే కడప వైపు చివరి ఆయకట్టుకు చేరుతుంది. కాలువకైతే గట్టు వెంట తిరిగి చూసే లష్కర్ ఉంటాడు. ఇంటర్నెట్‌కు అలాంటివారు లేరు. దారి ఎక్కడ ఇరుకో పంపే సర్వరే ఊహించుకోవాలి. కర్నూలులో క్రికెట్ మ్యాచ్ మధ్యలో ఫోను తెర మీద చక్రం తిరిగితే కనెక్షన్‌ను తిట్టుకుంటాం కానీ, ఒక్కోసారి తప్పింది ఈ ఊహే.

1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, అక్కడి విశ్వవిద్యాలయానికీ మధ్య సెకనుకు 32 వేల బిట్లు నడిచే దారి 40 బిట్లకు పడిపోయింది. మధ్య దూరం 400 గజాలు. కాగితం మీద రాసుకుని నడిచివెళ్లి ఇచ్చినా నయమే! అందని ప్యాకెట్లను (డేటాను విడగొట్టి కట్టిన చిన్న మూటలను) కంప్యూటర్లన్నీ మళ్లీ మళ్లీ పంపడంతో దారి మూసుకుపోయింది. 1988లో పరిశోధకులు వాన్ జేకబ్సన్, మైఖేల్ కరెల్స్ ఉపాయం చెప్పారు: పంపే వేగాన్ని కొద్దికొద్దిగా పెంచాలి, ప్యాకెట్ పోతే ఒక్కసారిగా తగ్గాలి.

2006 నుంచి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో స్థిరపడిన, పంపే వేగాన్ని తేల్చే క్యూబిక్ పద్ధతి కూడా ఆ బాటదే. ప్యాకెట్ పోతేనే రద్దీ అని దాని నమ్మకం. ఈలోగా మెమరీ చౌకై, దారి మధ్య డేటాను మళ్లించే రూటర్లలో పెద్ద బఫర్లు (ప్యాకెట్లను కాసేపు నిలిపి ఉంచే చోట్లు) వచ్చాయి. ప్యాకెట్లు పోకుండా వాటిలో వరుస కట్టి నిలబడతాయి. సర్వర్ మాత్రం దారి ఖాళీగా ఉందనుకుని ఇంకా పంపుతుంది. 2010 ప్రాంతంలో కంప్యూటర్ ఇంజనీరు జిమ్ గెటిస్ దీన్ని ‘బఫర్‌బ్లోట్’ పేరుతో చర్చకు తెచ్చారు. వీడియోకు ఇది మరీ చేటు. అది ఒకే ధారగా రాదు, కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది. ప్రతి ముక్కా ఒక్క ఉదుటున వచ్చి ఆ వరుసలో పడుతుంది.

2016లో గూగుల్ బృందం బీబీఆర్ అనే కొత్త పద్ధతిని ప్రకటించింది. ఆ బృందంలో జేకబ్సన్ కూడా ఉన్నారు. తన పాత సూత్రాన్ని తానే పక్కన పెట్టడానికి వెనకాడకపోవడం నాకు ముచ్చటగా తోస్తుంది. పోయిన ప్యాకెట్ల కోసం ఎదురుచూడకుండా ఇది రెండే కొలుస్తుంది: ఇరుకు చోటు దాటి సెకనుకు ఎంత డేటా పోతోంది, రానుపోను పట్టే కనీస సమయం ఎంత. ఆ కొలతకు తగ్గట్టు ప్యాకెట్లను ఎడం ఇచ్చి వదులుతుంది. యూట్యూబ్ సర్వర్లు దీనికి మారాయి.

అయితే తొలి బీబీఆర్ ఎగువ రైతు లాంటిది. బఫర్లు చిన్నగా ఉన్నచోట పక్కనున్న క్యూబిక్ వాటాను కూడా లాగేసుకునేది. ఆ ఫిర్యాదుల తరువాత 2019లో రెండో రూపం బయటికొచ్చింది. అందులో ప్యాకెట్ నష్టాన్ని మళ్లీ లెక్కలోకి తీసుకున్నారు.