బేలా టార్ సినిమాల్లో ఎడిటర్‌కి పనేముంటుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను ఎడిటర్‌ని. హంగేరీ డైరెక్టర్ బేలా టార్ అంటే ఇష్టమని చెప్తే మా ఎడిట్ రూంలో నవ్వుతారు, కట్లే ఉండని సినిమాలు నీకెందుకురా అని. నవ్వనీండి. ఆయన గురించి తిరిగే మాటల్లో సగం ఆ సినిమాలు చూడనివాళ్లవే.

అపోహ: కెమెరా ఒకచోట పెట్టేసి వదిలేస్తాడు, అందుకే షాట్లు అంత పొడుగు.

'వెర్క్‌మైస్టర్ హార్మనీస్' (2000) మొదటి షాట్ చూడండి. ఊళ్లో బార్ మూసే టైం. యానోష్ అనే కుర్రాడు తాగి ఉన్న ఒకాయన్ని మధ్యలో నిలబెట్టి నువ్వు సూర్యుడివి అంటాడు, ఆయన వేళ్లు ఆడిస్తూ కిరణాలు చూపిస్తాడు. ఇంకొకడు భూమి, మరొకడు చంద్రుడు, ఒకరి చుట్టూ ఒకరు తూలుతూ తిరుగుతుంటారు. గ్రహణం పట్టగానే అంతా ఆగిపోతుంది. దాదాపు పది నిమిషాలు, ఒక్క కట్ లేదు, కానీ కెమెరా జనం మధ్యలో తిరుగుతూనే ఉంటుంది, క్లోజప్పూ వైడూ అన్నీ ఆ ఒక్క షాట్‌లోనే వచ్చేస్తాయి. పైగా ఇది ఫిల్మ్ మీద తీసింది. వెయ్యి అడుగుల 35 ఎం.ఎం. రోల్ పదకొండు నిమిషాలకు అయిపోతుంది. తొమ్మిదో నిమిషంలో ఎవరైనా తడబడ్డారా, ఆ రోల్ పోయినట్టే, మళ్లీ మొదటినుంచి. సినిమా మొత్తం 39 షాట్లు. మా దగ్గర ఒక్క పాటకే అంతకు ఎన్నో రెట్లు కట్లు పడతాయి.

అపోహ: మొదటినుంచీ ఇలాగే, నలుపు తెలుపులో నత్తనడక.

కాదు. ఇరవై రెండేళ్ల వయసులో తీసిన 'ఫ్యామిలీ నెస్ట్' ఇళ్లు దొరక్క ఒకే ఫ్లాట్‌లో కుక్కుకున్న కుటుంబం కథ. చేత్తో పట్టుకున్న కెమెరా, ముఖాల మీదికి వెళ్లే క్లోజప్పులు, నటన తెలియని మనుషులు, ఒకటే గొడవ. 1984 నాటి 'ఆల్మనాక్ ఆఫ్ ఫాల్' అయితే పూర్తిగా రంగుల్లోనే. మనకు తెలిసిన టార్ 1988లో 'డామ్నేషన్'తో మొదలయ్యాడు, రచయిత లాస్లో క్రాస్నహోర్కయితో కలిసి. 2025లో సాహిత్యం నోబెల్ వచ్చింది ఈ క్రాస్నహోర్కయికే.

టార్ తీసిన 'సాతాన్‌టాంగో'లో పిల్లి చచ్చే సీన్ కోసం దాన్ని నిజంగా చంపేశారు అనేది ఇంకో అపోహ. సెట్‌లో పశువుల డాక్టర్ ఉన్నాడనీ, పిల్లికి ఏమీ కాలేదనీ టార్ స్వయంగా చెప్పాడు. ఆ సీన్ చూడటం నాకిప్పటికీ కష్టమే, అది వేరే సంగతి. ఏడు గంటల పైచిలుకు సినిమా కదా, ఎలా కూర్చుంటారు అంటారా, రెండు ఇంటర్వెల్స్ ఇస్తారు. అందులో ఇరిమియాష్‌గా నటించిన మిహాయి వీగే సంగీతమూ చేశాడు. మనలా రీరికార్డింగ్‌లో కాకుండా షూటింగ్‌కి ముందే ట్యూన్లు కట్టేవాడు.

ఇక అసలు సంగతి, ఎడిటర్‌కి పని లేదనేది. ఆయన సినిమాల ఎడిటర్ ఆగ్నెస్ హ్రానిట్జ్‌కీ, ఆయన జీవిత భాగస్వామి కూడా. 'వెర్క్‌మైస్టర్ హార్మనీస్' నుంచి టైటిల్స్‌లో ఆవిడ పేరు సహ దర్శకురాలిగానూ పడింది, ఎందుకంటే షాట్ ఎక్కడ మొదలవ్వాలి, ఎంతసేపు నిలవాలి అన్నది అక్కడ సెట్‌లోనే తేలిపోవాలి. టేబుల్ దగ్గరికి వచ్చాక సర్దుకోవడానికి వేరే యాంగిల్ ఉండదు మరి.

నమ్మకం కుదరకపోతే 'ద ట్యూరిన్ హార్స్' (2011) చూడండి, ఆయన చివరి ఫీచర్ సినిమా. 146 నిమిషాలు, 30 షాట్లు. తండ్రీ కూతురూ, ఆరు రోజులు, రోజూ ఉడకబెట్టిన బంగాళదుంప. తండ్రికి కుడిచెయ్యి పనిచెయ్యదు, పొగలు కక్కే దుంపని ఎడమచేత్తోనే తొక్క గీరి, ఊదుకుంటూ మింగుతాడు. మొదటిసారి కెమెరా ఆయన మీదే ఉంటుంది. తర్వాతి భోజనంలో కూతురి మీద. ఆ తర్వాత ఇద్దరూ ఒకే ఫ్రేములో. నేనైతే ఈ మూడు యాంగిల్సూ ఒకే భోజనంలో కలిపి అర నిమిషంలో తేల్చేసేవాణ్ణి. ఇక్కడ ఒక యాంగిల్ నుంచి ఇంకో యాంగిల్‌కి పోవడానికి ఒక రోజు పడుతుంది. ఆరో రోజు నిప్పు లేదు, దీపం లేదు, దుంపలు పచ్చివే. తినాలి అంటాడు తండ్రి. కూతురు ముట్టుకోదు.