బండలో గ్యాస్ ఎంత మిగిలింది? వనభోజనాల వంటవాడు చెప్పే అపోహలు, వాస్తవాలు

రావులపాలెం చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ, వనభోజనాలకీ వండిపెట్టడం నా పని. కార్తీకమాసం వచ్చిందంటే ఆదివారాలన్నీ కొబ్బరితోటల్లోనే. పులిహోరకి అన్నం సగం ఉడికిన గుండిగ పొయ్యి మీద ఉండగా గ్యాస్ అయిపోతే ఎలా ఉంటుందో పడినవాడికే తెలుస్తుంది. నేను రెండుసార్లు పడ్డాను.

అపోహ: మంట బాగా వస్తోందంటే బండలో గ్యాస్ బాగానే ఉన్నట్టు.

వాస్తవం: మా కుర్రాళ్ళందరూ మోసపోయేది ఇక్కడే. బండలో గ్యాస్ ద్రవంగా ఉంటుంది. దాని పైన ఖాళీలో చేరే ఆవిరే పొయ్యికి వస్తుంది. ద్రవం పదిహేను కిలోలున్నా, ఒక్క కిలోయే మిగిలినా ఆ ఆవిరి ఒత్తిడి దాదాపు ఒకటే. అది ముఖ్యంగా వేడిని బట్టి మారుతుంది గానీ ఎంత గ్యాస్ ఉందన్న దాన్ని బట్టి కాదు. అందుకే ప్రెషర్ మీటరు బిగించినా లాభం లేదు. ముల్లు చివరిదాకా కదలదు, కదిలేసరికి వంట ఆగిపోతుంది.

దీనికి తిరగేసిన అపోహ ఇంకోటుంది: మంట తగ్గితే బండ ఖాళీ అని. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి, ఆ వేడిని అది తనలోంచీ బండలోంచీ లాక్కుంటుంది. పెద్ద బర్నరు ఏకబిగిన మండితే బండ చల్లబడి చెమట పడుతుంది, తెల్లవారుజామున మంచు కూడా పేరుకుంటుంది. ఆవిరి పుట్టడం తగ్గి మంట చిన్నబోతుంది. అలా ఖాళీ అని పక్కన పడేసిన బండని ఓసారి తూచి చూస్తే ఇంకా నాలుగు కిలోలుంది! డబ్బులు పెట్టి కొన్న గ్యాస్‌ని తిరిగి డీలరుకే ఇచ్చేసేవాళ్ళం. పెద్ద వంటకి ఇప్పుడు రెండు బండలు కలిపి పెడుతున్నాం, భారం చెరిసగం అవుతుంది.

అపోహ: రెగ్యులేటర్ మీద ఆకుపచ్చ గుర్తు కనిపిస్తే సిలిండరు నిండుగా ఉన్నట్టు.

వాస్తవం: ఇది మా మేనల్లుడి పుణ్యమా అని తెలిసింది. వాడు అమెరికాలో ఆర్వీ, అంటే ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుని చలికాలంలో క్యాంపింగ్‌కి వెళ్ళాడు. అక్కడ వాడేది ప్రొపేన్. మన బండల్లో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. అర్ధరాత్రి హీటరు ఆగిపోయిందని మర్నాడు ఫోను: "మావయ్యా, పడుకునేముందు ఆకుపచ్చే ఉంది!"

"ఒరేయ్, అది ఒత్తిడి ఉందని చెబుతుంది, ఎంతుందో చెప్పదు" అన్నాను. అలాంటి బండ్లలో చాలావాటికి రెండు సిలిండర్లు, మధ్యలో ఆటోమేటిక్ రెగ్యులేటర్ ఉంటాయి. వాడుకలో ఉన్నది అయిపోతే అదే రెండోదానికి మారుతుంది, గుర్తు ఎరుపవుతుంది. మంట ఆగదు కాబట్టి దాన్నెవరూ చూడరు. రెండోదీ అయ్యాకే తెలుస్తుంది. వీడు మొదటిది అయ్యాక మీటను రెండోదాని వైపు తిప్పాడట, ఆకుపచ్చ వచ్చింది. ఖాళీదాన్ని నింపించనే లేదు. వాళ్ళ 20 పౌండ్ల సిలిండరంటే సుమారు 9 కిలోల గ్యాస్. గంటకి 30,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే లెక్క) హీటరు ఆగకుండా మండితే పద్నాలుగు గంటల్లో అయిపోతుంది. ఒక చలిరాత్రికి సరి.

అపోహ: లేపి చూస్తే చాలు, తెలిసిపోతుంది.

వాస్తవం: ముప్ఫై ఏళ్ళ చెయ్యి నాది, అయినా మూడు కిలోల తేడా పడుతుంది. ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది, ఒక్కో బండకి ఒక్కోలా. కాటా మీద 26.1 వచ్చి, ఖాళీ బరువు 18.6 అని ఉంటే మిగిలింది 7.5 కిలోలు. అంతే లెక్క. వంటకి ముందూ తర్వాతా తూచి పుస్తకంలో రాసుకోండి, పది వంటలయ్యేసరికి మీ బర్నరు తిండి ఎంతో తేలిపోతుంది. రొయ్యల చెరువుల దగ్గర వాడే కాటా అయినా సరే. అంతర్వేది తీర్థానికి వండేటప్పుడు ఇసుకలో కాటా నిలవక చెక్కపలక వేశాం. పడవ మీద వంటైతే ఎక్కకముందే తూచాలి.

కాటా లేకపోతే? బండ పక్కగా పైనుంచి గోరువెచ్చటి నీళ్ళు పోసి చెయ్యి రాయండి. వెచ్చగా ఉన్నంతమేరా ఖాళీ, చల్లగా తగిలే చోటు నుంచి ద్రవం. ఉజ్జాయింపే, కానీ నమ్మొచ్చు.

మంట ఎర్రబడితే గ్యాస్ అయిపోతోందంటారు. కాదు, బర్నరు కన్నాల్లో మసి చేరి గాలి సరిగ్గా అందడం లేదు. పిన్నుతో పొడిచి శుభ్రం చెయ్యండి.

చివర్లో వాసన ఎక్కువగా రావడం మాత్రం నిజమే. వాసన కోసం కలిపే మందు గ్యాస్ కంటే నిదానంగా ఆవిరవుతుంది, అడుగున చిక్కబడుతుంది. అలాగని వదిలెయ్యకండి, సబ్బునురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

ఇక అడుగున మిగిలిన గ్యాస్ కోసం బండని పడుకోబెట్టడం, మరిగే నీళ్ళ గంగాళంలో దింపడం. రెండూ ప్రమాదమే. మరిగే నీళ్ళ వేడికి లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. పడుకోబెడితే వాల్వు దగ్గరికి ద్రవం చేరి పైపులోకి దూకిందంటే మంట మనిషెత్తు లేస్తుంది. మా జట్టులో ఎవడైనా ఆ పని చేస్తే ఆ పూట కూలి ఇచ్చి ఇంటికి పంపేస్తాను.