బండలాగుడు, వయొలిన్ తీగ

కొత్తపట్నం సముద్రపు ఒడ్డున కూర్చొని ఒక ఆల్బం విన్న ఒంగోలు యువకుడొకరు, "మాట లేదు, పాట లేదు, అయినా ఎవరో ఏడుస్తున్నట్టు ఉందేమిటండీ?" అని అడిగారు. ఆయన విన్నది మెల్‌బోర్న్‌కు చెందిన డర్టీ త్రీ బృందం 1998లో వెలువరించిన 'ఓషన్ సాంగ్స్'. అందులో గిటారు, డ్రమ్ములు తోడుగా నిలవగా, గాయకుడు ఉండవలసిన చోట వారెన్ ఎల్లిస్ వయొలిన్ ఉంటుంది. అది పోస్ట్ రాక్ అనే రాక్ సంగీత శైలి అవునా కాదా అన్న తర్కాన్ని విమర్శకులకు విడిచి, నన్ను ఏళ్లుగా వదలని కమాను, అంటే వయొలిన్ తీగపై రాసే వెంట్రుకల కర్ర సంగతికి వస్తాను.

గిటారు తీగకు అందే శక్తి మీటిన ఆ క్షణంతోనే సరి. ఆపైన స్వరం క్షీణించవలసిందే. కమాను మాత్రం ప్రతి కంపనంలోనూ శక్తిని అందిస్తూనే ఉంటుంది. ఎలాగో బండలాగుడు పోటీలు చూసినవారికి చెప్పడం సులువు. ఆగిన బండను కదిలించడానికి ఒంగోలు గిత్తలు పడే శ్రమ, కదిలిన బండను లాగడానికి పడవు. నిశ్చల ఘర్షణ కంటే జారేటప్పటి ఘర్షణ తక్కువ. ఇప్పుడు నేలే ఒక దిక్కుకు కదిలిపోతోందని ఊహించండి. ఆ నేల కమాను వెంట్రుకలు, బండ తీగ, ఎడ్లు తీగలోని బిగువు. రోజిన్ అనే జిగురు పూసిన గుర్రపు వెంట్రుకలను అంటుకొని తీగ కొంతదూరం వాటి వెంటే పోతుంది, చటుక్కున వెనక్కి జారుతుంది, మళ్లీ అంటుకుంటుంది.

ఎప్పుడు జారాలో చెప్పేది మరొకటి. కమాను కింద తీగ ఉబ్బిన విల్లులా కనిపించినా, నిజానికి ఏ క్షణాన చూసినా అది రెండు సరళరేఖలు, వాటి నడుమ ఒక మడత మాత్రమేనని 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కనిపెట్టారు. సుమారు 32.5 సెంటీమీటర్ల తీగ 440 హెర్ట్జ్ పలికేటప్పుడు ఆ మడత సెకనుకు 440 సార్లు పోయి వస్తుంది, అంటే దాని వేగం సెకనుకు 286 మీటర్లు. బ్రిడ్జి, అంటే తీగలను మోసే చిన్న చెక్క వైపు పోతూ కమానును దాటినప్పుడు అంటు తెంచుతుంది, తిరిగి వస్తూ కలుపుతుంది. బ్రిడ్జి నుంచి తీగ పొడవులో పదోవంతు దూరాన కమాను ఉంటే, 2.27 మిల్లీసెకన్ల ఆవర్తనంలో పదింట తొమ్మిది వంతులు అంటుకొని ఉండడం, ఒక వంతు జారడం. రంపపు పళ్ల వంటి ఈ కదలికలో అనుస్వరాలు, అంటే అసలు స్వరంతోపాటు మోగే పైస్థాయి స్వరాలు దండిగా ఉంటాయి. మన స్వరతంతువులు కూడా ఊపిరి అందినంతసేపూ గాలిని తెంపులు తెంపులుగానే వదులుతాయి. పైగా గిటారులా మెట్లు లేని వయొలిన్‌పై వేలు జారితే గొంతు జారినట్టే ఉంటుంది. ఏడుపు అనిపించేది ఇందుకేనని నా అభిప్రాయం.

మన భౌతికశాస్త్ర పాఠాలు మీటిన తీగ దగ్గరే ఆగిపోతాయి. నల్లబల్లపై సుద్దముక్క కీచుమంటే పిల్లలు చెవులు మూసుకుంటారు గాని, ఇలాగే అంటుకొని జారడం వల్ల పుట్టిన ఆ కీచే ఒక పాఠమని ఎవరూ చెప్పరు. అర్ధరాత్రి కిర్రుమన్న తలుపు దయ్యం ఖాతాలో పడుతుంది. 1967 మార్చిలో ఒంగోలు ప్రాంతాన్ని కుదిపిన 5.4 తీవ్రత భూకంపం కూడా, పట్టుకొని ఉన్న రాళ్లు ఒక్కసారిగా జారడమే.

కమాను ఒత్తిడికి రెండు హద్దులున్నాయి. మించితే మడత వచ్చినా అంటు తెగక గరగరమంటుంది. తగ్గితే మడత రాకముందే తీగ జారి, ఒక్క ఆవర్తనంలో రెండు మూడు జారుళ్లు పడి, స్వరంలో గాలి కలిసినట్టవుతుంది. బ్రిడ్జికి దగ్గరయ్యేకొద్దీ ఈ హద్దుల నడుమ ఎడం ఇరుకవుతుంది. సంగీతం మాస్టారు శిష్యుణ్ణి మందలించే ఆ గరగర చప్పుడును ఎల్లిస్ కావాలనే ఉంచుకున్నారు. వయొలిన్‌కు పికప్ (కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) తగిలించి ఆంప్లిఫయరుకు పంపడంతో అది మరింత పెద్దదై వినిపిస్తుంది. ఒంగోలు యువకుడు "ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది" అని చూపించినవి సరిగ్గా ఆ చోట్లే.