టైమ్ ట్రావెల్ సినిమాలు: ఒక ఫిజిక్స్ మాస్టారు విన్న అపోహలు - చెప్పిన వాస్తవాలు

ఆంధ్రా సరిహద్దును ఆనుకున్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ప్లస్ టూ పిల్లలకు 22 ఏళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. క్లాసులో ఒడియా, ఇంగ్లీషు. వరండాలోకి రాగానే తెలుగు. సరిహద్దు దాటి పాతపట్నం వెళ్లి టైమ్ ట్రావెల్ సినిమా చూసొచ్చారంటే, మర్నాడు ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం మీద ఎక్కడలేని శ్రద్ధ పుడుతుంది వీళ్లకి. ఆ వరండాలో మళ్లీ మళ్లీ ఎదురయ్యే మాటలు కొన్ని.

అపోహ: టైమ్ ట్రావెల్ అంతా కట్టుకథే.

సగమే కట్టుకథ. భవిష్యత్తులోకి వెళ్లడం ఉంది, గతంలోకి వెళ్లడం దగ్గరే పేచీ. 1971లో హాఫెలే, కీటింగ్ అనే ఇద్దరు సీజియం గడియారాలు (అతి కచ్చితమైన అణు గడియారాలు) పట్టుకుని మామూలు ప్రయాణికుల విమానాల్లో భూమి చుట్టి వచ్చారు. తూర్పుగా తిరిగినప్పుడు ఆ గడియారాలు నేలమీది వాటికంటే 59 నానోసెకన్లు (సెకనులో వంద కోట్లో వంతు ఒక నానోసెకను) వెనకబడ్డాయి, అంటే ఆ మేరకు భవిష్యత్తులోకి దిగినట్టే. పడమరగా తిరిగినప్పుడు 273 నానోసెకన్లు ముందుకెళ్లాయి. వేగం పెరిగితే గడియారం నెమ్మదిస్తుంది, ఎత్తుకు పోయి గురుత్వాకర్షణ తగ్గితే త్వరగా నడుస్తుంది. ఆ రెండూ కలిసిన లెక్క ఇది; తూర్పుకు వెళ్తే భూమి తిరిగే వేగమూ తోడవుతుంది, పడమరకు వెళ్తే అది తగ్గుతుంది.

ఇదే లెక్క మీ జేబులోనూ ఉంది. జీపీఎస్ ఉపగ్రహంలోని గడియారం వేగం వల్ల రోజుకు 7 మైక్రోసెకన్లు (సెకనులో పది లక్షలో వంతు ఒక మైక్రోసెకను) వెనకబడుతుంది, ఎత్తు వల్ల 45 ముందుకు పోతుంది. తీసివేస్తే 38 ముందు. దాన్ని సరిచేయకుండా వదిలేస్తే రోజుకు 10 కిలోమీటర్లకు పైగా తప్పు పేరుకుంటుంది. మా ఊళ్లో అయితే ఒక్క రోజులో మనిషి రాష్ట్రమే మారిపోతాడు. (మా ఫోన్లు ఎలాగూ టవర్ మారినప్పుడల్లా మమ్మల్ని ఆంధ్రాలోకి తోసేస్తాయి, అది వేరే సంగతి.)

పిల్లలకు దీన్ని ఎక్కించడానికి నేను భాగవతంలోని కకుద్మి మహారాజు కథ వాడతాను. కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళ్తాడు. అక్కడ సంగీతం జరుగుతోంది, కాసేపు ఆగుతాడు. ఆ కాసేపట్లో భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోతాయి, తను అనుకున్న వరుల వంశాలే మిగల్లేదు. చివరికి రేవతి బలరాముణ్ణి పెళ్లాడుతుంది. ఇది సాపేక్ష సిద్ధాంతమని నేనైతే అనను, అలా అనేవాళ్లతో వాదనకీ దిగను. కాలం అన్నిచోట్లా ఒకేలా నడవక్కర్లేదన్న ఊహ మాత్రం ఈ కథతో ఇట్టే పట్టుబడుతుంది. ఇంటర్‌స్టెల్లార్‌ సినిమాలో ఒక గ్రహం మీద గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు గడవడమూ ఆ జాతిదే. దానికి మాత్రం భౌతిక శాస్త్రవేత్త కిప్ థోర్న్ లెక్కలున్నాయి.

అపోహ: భూమిని వెనక్కి తిప్పితే కాలం వెనక్కి తిరుగుతుంది.

స్టేషన్ గడియారంలో ముల్లు వెనక్కి తిప్పితే వెళ్లిపోయిన రైలు తిరిగొస్తుందా? ఇదీ అంతే.

అపోహ: గతంలోకి వెళ్లి తాతను చంపితేనే పారడాక్స్ (తనను తానే కొట్టేసుకునే చిక్కు).

అంత ఘోరం అక్కర్లేదు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది. మా తాత ఒకసారి టెక్కలిలో ఆ రైలు తప్పిపోయి, తెలిసినవాళ్ల అరుగు మీద రాత్రి పడుకున్నాడు. ఆ ఇంటి పిల్లే మా నాయనమ్మ. ఇప్పుడు నేను గతంలోకి వెళ్లి, "తాతా, రైలు కదుల్తోంది, ఎక్కు" అని చెయ్యి అందిస్తే చాలు. తాత నిక్షేపంగా ఇల్లు చేరతాడు, నేను పుట్టను. పుట్టనివాడు చెయ్యెలా అందించాడు?

దీనికి భౌతిక శాస్త్రవేత్తలు మూడు దారులు చెబుతారు. నోవికోవ్ మాట ప్రకారం, జరిగినదానికి పొసగనిది ఏదీ జరగదు. నేను చెయ్యి అందిస్తాను, "ఎవడ్రా నువ్వు?" అని తాత ఆగుతాడు, అందుకే రైలు తప్పుతుంది. ఇది మాటల గారడీ కాదు. పోల్చిన్‌స్కీ అనే భౌతిక శాస్త్రవేత్త వేసిన చిక్కుప్రశ్న ఒకటుంది: ఒక బిలియర్డ్ బంతి వర్మ్‌హోల్‌ (స్థలకాలాల్లో అడ్డదారి లాంటి సొరంగం)లో దూరి, కాస్త ముందటి క్షణంలోకి వచ్చి, తనను తానే గుద్ది, దూరకుండా ఆపేస్తే? థోర్న్ శిష్యులు లెక్క వేసి చూస్తే, బంతి తనను కొద్దిగా రాసుకుని పోయే దారులు దొరికాయి. ఆ రాపిడి వల్లే అది వంకరగా దూరుతుంది, వంకరగా దూరడం వల్లే బయటికొచ్చి గట్టిగా గుద్దలేకపోతుంది. నాకు అన్నింటిలోకీ ఇదే ముద్దొస్తుంది.

రెండోది డేవిడ్ డాయిచ్ 1991లో చెప్పింది. తాత రైలెక్కే లోకం ఇంకొకటి. అక్కడ నేను పుట్టను, కానీ అక్కడికి వెళ్లిన నేను మాయమూ కాను. మూడోది 1992లో హాకింగ్ అన్నది: అసలు అలాంటి యంత్రం పనిచేయకుండా ప్రకృతే అడ్డుపడుతుంది. ఈ మూడింట్లో ఏదీ ఇంకా రుజువు కాలేదు.

మూడింట్లోనూ లేనిదొకటి సినిమాల్లో ఉంటుంది: ఫొటోలోంచి మనిషి మెల్లమెల్లగా చెరిగిపోవడం. గతం మారితే ఎప్పుడో మారినట్టే. ఇంకా మెల్లగా ఏమిటి, ఏ గడియారం ప్రకారం? టెన్షన్ కోసం పెట్టుకున్నారు, క్షమించేయొచ్చు. ఇంటర్వెల్ దాకా నోవికోవ్ రూలు నడిపి, క్లైమాక్స్‌లో చెప్పాపెట్టకుండా డాయిచ్ రూలుకి దూకే కథల్నే నేను క్షమించను.

అపోహ: ఆదిత్య 369లో గతం చరిత్ర కాబట్టి నమ్మొచ్చు, భవిష్యత్తు మాత్రం కల్పన.

1991లో వచ్చిన ఆ సినిమాలో యంత్రం 1526కీ వెళ్తుంది, 2504కీ వెళ్తుంది. ఏది సాధ్యానికి దగ్గరని అడిగితే క్లాసంతా రాయలవారికే ఓటేస్తుంది. ఫిజిక్స్ ఓటు 2504కి. చాలా వేగంగా తిరిగొచ్చే రాకెట్ ఉంటే చాలు. కాకపోతే అక్కణ్ణుంచి ఇంటికి రావాలంటే మళ్లీ వెనక్కి ప్రయాణమే కదా, అక్కడ చిక్కుకుపోతాం.

మొన్న ఒక కుర్రాడు అడిగాడు: "మాస్టారూ, 1936కి వెళ్లి సరిహద్దు మార్చేస్తే?" 1936 మార్చి 31 రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకున్న ఈ ఊరు ఏప్రిల్ 1న ఒడిశాలో నిద్రలేచింది. నోవికోవ్ ప్రకారం నువ్వెళ్లి గోల చేయడం కూడా ఆ సరిహద్దు అక్కడే పడటానికి ఒక కారణమై ఉంటుందన్నాను. డాయిచ్ ప్రకారమైతే ఆంధ్రాలో ఉన్న పర్లాకిమిడి ఇంకొకటి ఉంటుంది.

వాడు కాసేపు ఆలోచించాడు.

"అక్కడ మనకి ప్లస్ టూ ఉండదు కదా మాస్టారూ, ఇంటరే కదా? సిలబస్ ఏమైనా తక్కువా?"