ఆసుపత్రిలో నాన్నమ్మ పక్కన కూర్చునే పిల్లలకు

పిల్లలూ,

నాన్నమ్మో తాతయ్యో ఒడిశాలోని మన బరంపురం ఆసుపత్రిలో ఉంటే మీరు పక్కన కూర్చుంటారు కదా. నవ్వుతూ పలకరించే సిస్టర్ మీకు నచ్చుతుంది, నాన్నమ్మ మాత్రం అంతగా మాట్లాడని ఇంకో సిస్టర్ డ్యూటీ కోసం ఎదురుచూస్తుంది. ఎందుకంటే "ఆ పిల్ల చెయ్యి మంచిది" అంటుంది. నర్సుగా పనిచేసి రిటైరైన దాన్ని, ఈ మాట నేను చాలామంది ముసలివాళ్ళ నోట విన్నాను.

1980లలో ప్యాట్రీషియా లార్సన్ అనే అమెరికా నర్సు దీని మీదే పరిశోధన చేశారు. నర్సులు చేసే 50 పనులు కార్డుల మీద రాసి, ఇందులో మీకు ఏది ముఖ్యమని క్యాన్సర్ రోగుల్నీ, నర్సుల్నీ అడిగారు. రోగి చెప్పేది వినడమే ముఖ్యమని నర్సులన్నారు. సూది, సెలైన్ సరిగ్గా పెట్టడం తెలిసుండాలని రోగులన్నారు. తర్వాత వేరే దేశాల్లో అడిగినా చాలాచోట్ల ఇలాంటి తేడాయే కనిపించింది.

ముసలివాళ్ళ విషయంలో ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. వాళ్ళ చర్మం పలచబడి ఉంటుంది, నరం సూదికి దొరక్కుండా పక్కకి జారిపోతుంది, రెండు మూడుసార్లు గుచ్చితే చెయ్యంతా నల్లగా కమిలిపోతుంది, అందుకే ఒక్కసారికే నరం దొరికించుకునే అమ్మాయి వాళ్ళకి దేవతలా కనిపిస్తుంది. మంచం దిగలేని మనిషిని రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పకపోతే నడుం కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఆ టైముకి మర్చిపోకుండా వచ్చి తిప్పే మనిషి నోరు విప్పకపోయినా ఆవిడకి తన మీద ధ్యాస ఉందని నాన్నమ్మకి తెలిసిపోతుంది.

అలాగని కబుర్లు చెప్పే సిస్టర్ పని తప్పించుకుంటోందనుకోకండి. "రాత్రి నిద్ర పట్టిందా మావుసీ (ఒడియాలో పిన్నీ)" అని అడుగుతూనే ఆవిడ ఆయాసం ఉందా, మాట తడబడుతోందా, పాదాలు వాచాయా అని చూస్తూ ఉంటుంది. నిన్నటిదాకా మనుషుల్ని గుర్తుపట్టిన తాతయ్య ఇవాళ పగలో రాత్రో తెలియకుండా మాట్లాడితే జ్వరమో, ఒంట్లో నీళ్ళు తగ్గడమో, ఏదైనా మందు పడకపోవడమో కారణం కావచ్చు, అది ముందుగా బయటపడేది ఈ కబుర్లలోనే.

నన్ను బాగా బాధపెట్టేది ఇంకోటుంది. మన పెద్దవాళ్ళు అడగరు. "పాపం ఆ పిల్లకి ఎంతమందిని చూసుకోవాలో" అని పిలవకుండా గంటసేపు ఒంటేలు ఆపుకుంటారు, బాత్రూంకి లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేస్తారు, చివరికి అర్ధరాత్రి ఎవరినీ లేపకుండా ఒక్కళ్ళే లేచి పడిపోతారు. తుంటి ఎముక అలాగే విరుగుతుంది. కాబట్టి నర్సు "ఆసుఛి" (ఒడియాలో "వస్తున్నా") అని చెప్పి వెళ్ళి నిజంగా తిరిగి రావడం చాలా పెద్ద విషయం. ఒకసారి వస్తే రెండోసారి పిలవడానికి వాళ్ళకి ధైర్యం వస్తుంది.

మీరు చేయగలిగినవీ ఉన్నాయి. కళ్ళజోడు, చెవి మిషన్ చేతికందేచోట పెట్టండి. పళ్ళసెట్టు కాగితంలో చుట్టి దిండు కింద పెట్టకండి, దుప్పటి మార్చేటప్పుడు చెత్తలోకి పోతుంది. అన్నం, మంచినీళ్ళు ఇవ్వొచ్చా అని సిస్టర్‌ని అడిగి, లేపి కూర్చోబెట్టాకే పెట్టండి.

ఇంకో సంగతి, ఇది మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు పిల్లలే చేయగలరు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి ఇక్కడికి వచ్చే పెద్దవాళ్ళలో ఒడియా రానివాళ్ళున్నారు, సిస్టర్లలో తెలుగు రానివాళ్ళున్నారు, బళ్ళో ఒడియా చదువుకున్న మీకు రెండూ వచ్చు. నాన్నమ్మ అంతసేపు చెప్పాక మీరు "బాగానే ఉందంట" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, దేనికి భయపడుతోంది, అన్నీ ఆవిడ చెప్పినట్టే చెప్పండి. సిస్టర్ జవాబు కూడా అంతే పూర్తిగా నాన్నమ్మకి చెప్పండి.

మీ అమ్మమ్మ