టాటూ, పచ్చబొట్టు, గుండు, గడ్డం: ఆఫీసు రూల్స్ మీద అపోహలు - వాస్తవాలు

మొన్న ఏప్రిల్‌లో బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా ఆఫీసులో వాకిన్ ఇంటర్వ్యూలు పెట్టాం. కదిరి దగ్గర నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. ఆ ఎండలో ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్నాడు. కఫ్ కింద క్రేప్ బ్యాండేజీ కనిపిస్తోంది. "దెబ్బ తగిలిందా నాయనా?" అని అడిగితే బండి మీంచి పడ్డానన్నాడు. ఇంటర్వ్యూ అయిపోయి లేచేటప్పుడు బ్యాండేజీ అంచు జారింది. కింద దెబ్బ లేదు, తెలుగు అక్షరాల్లో వాళ్ళమ్మ పేరుంది. టాటూ కనపడితే హెచ్‌ఆర్ వాళ్ళు అప్పటికప్పుడే పంపించేస్తారని పీజీలో రూమ్మేట్లు చెప్పారట.

అతను వచ్చింది టెస్టింగ్ ఉద్యోగానికి. క్లయింట్ అతని ముఖం కూడా చూడడు. అయినా ఆ అరగంటా అతని ధ్యాసంతా చెయ్యి బల్ల కిందే ఉందా లేదా అన్నదాని మీదే. వచ్చిన జవాబులు కూడా తడబడుతూ చెప్పాడు.

నేను అనంతపురం నుంచి బెంగళూరు వచ్చి హెచ్‌ఆర్ పనిలో చేరి 16 ఏళ్ళయింది. మొదట ఒక హోటల్, తర్వాత ఒక బట్టల షోరూముల కంపెనీ, ఇప్పుడు ఐటీ. కాగితం మీద ఉన్న రూలుతో ఇబ్బంది పడినవాళ్ళు నాకు తక్కువ మందే తగిలారు. ఎక్కడా రాయకుండా నోటిమాటగా నడిచే రూలుకు బలైనవాళ్ళు చాలామంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: టాటూ ఉందని ఉద్యోగం ఇవ్వకపోతే కేసు వేయొచ్చు. అది మన ప్రాథమిక హక్కు.

వాస్తవం: రాజ్యాంగంలోని 14, 16 అధికరణాలు ప్రభుత్వాన్ని కట్టడి చేస్తాయి. ప్రైవేటు కంపెనీ ఎవరిని తీసుకోవాలన్న విషయంలో అవి నేరుగా వర్తించవు. ప్రైవేటు ఉద్యోగంలో టాటూ ఉన్నవాళ్ళకు ప్రత్యేకంగా రక్షణ ఇచ్చే చట్టం మన దేశంలో లేదు. అలాగని టాటూ ఉన్నవాళ్ళను తీసుకోవద్దని చెప్పే చట్టం కూడా లేదు. అంటే ఈ విషయం పూర్తిగా కంపెనీ పాలసీ మీద ఆధారపడి ఉంటుంది.

రూపం విషయంలో ప్రైవేటు కంపెనీని కూడా కట్టేసే చట్టాలు కొన్ని ఉన్నాయి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం 2019లో వచ్చింది. నియామకంలో గానీ ప్రమోషన్‌లో గానీ ఏ సంస్థా వివక్ష చూపకూడదని అందులో ఉంది. కాబట్టి "నీ ఐడీలో ఇలా ఉంది, జుట్టు అలా పెంచావేంటి" అని ఒక ట్రాన్స్ మహిళను అడిగే మేనేజరు తన ఇష్టాయిష్టాలు చెప్పడం లేదు, చట్టం దాటుతున్నాడు. యాసిడ్ దాడి బాధితులు, కుష్ఠు నయమైనవాళ్ళు వికలాంగుల హక్కుల చట్టం, 2016 పరిధిలోకి వస్తారు. ఆ చట్టం ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. "ముఖం మీద మచ్చలున్నాయి, ఫ్రంట్ డెస్క్‌కు బాగోదు" అన్న మాట నేను నా చెవులతో విన్నాను. టాటూ మీద మాట, ఈ మాట ఒకటి కావు. రెండింటినీ "గ్రూమింగ్" అనే ఒకే మూటలో కట్టే అలవాటు మా వృత్తిలో ఉంది. అది పోవాలి.

ఇక ఉద్యోగంలో చేరాక టాటూ వేయించుకుంటే మర్నాడే తీసేస్తారా? కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం, 1961లో 39వ సెక్షన్ ఉంది. వరుసగా ఆరు నెలలు పనిచేసినవాళ్ళను సరైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదు. దుష్ప్రవర్తన అని తీసేయాలంటే విచారణ జరిపి, సాక్ష్యం రికార్డు చేయాలి. మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవాళ్ళకు మాత్రం ఇది వర్తించదు.

అపోహ: ఐటీలో ఇవన్నీ ఎవరూ పట్టించుకోరు.

వాస్తవం: ఎక్కువ చోట్ల పట్టించుకోరు, నిజమే. ఇందిరానగర్, కోరమంగళ స్టూడియోల్లో వారాంతాల్లో టాటూ వేయించుకునే వాళ్ళలో ఐటీ పిల్లలు బోలెడు మంది. కానీ ఒకే కంపెనీలో కూడా సీటును బట్టి రూలు మారుతుంది. ఎనిమిదో అంతస్తులో కోడ్ రాసేవాళ్ళను ఎవరూ ఏమీ అనరు. అదే మనిషిని జపాన్ క్లయింట్ దగ్గరికి ఆన్‌సైట్ పంపాలంటే మేనేజరు చెయ్యి వైపు చూస్తాడు. హోటల్ రిసెప్షన్, నగల షాపు కౌంటర్, విమానాల కేబిన్ క్రూ సంగతి పూర్తిగా వేరు. కేబిన్ క్రూ ప్రకటనల్లో యూనిఫాం వేసుకున్నాక టాటూలు కనిపించకూడదని సాధారణంగా ముందే రాస్తారు. బయటి దేశాల్లో ఇది మారుతోంది. స్టార్‌బక్స్ 2014లో ఉద్యోగుల టాటూలు కనిపించినా ఫర్వాలేదంది, ముఖం, గొంతు మీద తప్ప. ఎయిర్ న్యూజిలాండ్ 2019లో, వర్జిన్ అట్లాంటిక్ 2022లో నిబంధనలు సడలించాయి. మన దగ్గర కేబిన్ క్రూలో చేరాలనుకునే అమ్మాయిలు మాత్రం వాటిని చూసి ధైర్యం చేసి వేయించుకోవద్దు. మీరు దరఖాస్తు పెట్టే సంస్థ ప్రకటన చదవండి.

ముందే రాసి పెట్టిన రూలుతో నాకు పేచీ లేదు. రాయని రూలు ఎలా పనిచేస్తుందో చెప్తాను. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో ఒక అమ్మాయి మూడు రౌండ్లూ బాగా చేసింది. మెడ వెనక చిన్న పిట్ట బొమ్మ ఉంది. "బాగానే ఉంది గానీ, కొంచెం అదో టైపులా ఉంది" అన్నాడు మేనేజరు. సిస్టమ్‌లో "కల్చర్ ఫిట్ కాదు", అంటే మా ఆఫీసు వాతావరణానికి సరిపోదు అని టైప్ చేసింది నేనే. ఆ అమ్మాయి మెయిల్ పెట్టింది, ఎక్కడ తగ్గానో చెప్తే నేర్చుకుంటానని. నా దగ్గర జవాబు లేదు. తప్పు పిట్టదని ఎలా రాస్తాను? పాలసీలో టాటూ అన్న మాటే లేదు. అప్పటి నుంచి "కల్చర్ ఫిట్" అని ఎవరు రాసినా, ఏ ప్రశ్నకు ఏ జవాబు చెప్పారో రాయమని వెనక్కి పంపిస్తున్నాను.

అపోహ: ప్రభుత్వ ఉద్యోగాలకు టాటూ ఉంటే ఇక అంతే. లేదా, దేవుడి బొమ్మయితే ఎక్కడున్నా ఒప్పుకుంటారు.

వాస్తవం: రెండూ తప్పే. మన రాయలసీమ పిల్లలు బెంగళూరులో డెలివరీ పని చేసుకుంటూ, పొద్దున్నే కె.ఆర్.పురం వైపు గ్రౌండుల్లో పరుగు ప్రాక్టీసు చేస్తుంటారు. వాళ్ళు దీన్ని జాగ్రత్తగా చదవాలి. సైన్యంలో మోచేయి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా ముంజేతి లోపలి భాగం మీద, అరచేతి వెనక వైపు శాశ్వత టాటూ ఉండొచ్చు. మిగతా చోట్ల కుదరదు. గిరిజన తెగల అభ్యర్థులకు వాళ్ళ ఆచారాన్ని బట్టి మినహాయింపు ఉంటుంది.

బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో మత చిహ్నాలు, దేవుళ్ళ రూపాలు, పేర్లు ఒప్పుకుంటారు. కానీ ముంజేతి లోపలి వైపు అయితే ఎడమ చెయ్యే కావాలి, ఎందుకంటే సెల్యూట్ కుడి చేత్తో చేస్తారు. లేదంటే చేతుల వెనక వైపు ఉండొచ్చు. సైజు ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి. జాతరలో ఉత్సాహంగా కుడి ముంజేతి మీద ఆంజనేయస్వామిని వేయించుకుని, మెడికల్‌లో ఆగిపోయినవాళ్ళు నాకు తెలుసు. పరుగులో పాసయ్యారు, రాతలో పాసయ్యారు, బొమ్మ దగ్గర ఆగిపోయారు. వేయించుకునే ముందు రోజు ఒక్క గంట కూర్చుని నోటిఫికేషన్ చదివితే సరిపోయేది.

అపోహ: పచ్చబొట్టు వేరు, టాటూ వేరు.

ఇది ఎవరూ పైకి అనరు, చేతల్లో చూపిస్తారు. హోటల్లో పనిచేసేటప్పుడు లాబీ శుభ్రం చేయడానికి ఏజెన్సీ ద్వారా పావగడ వైపు నుంచి ఒక అక్క వచ్చింది. మా భాషే. కనుబొమల మధ్య చుక్క, గడ్డం మీద చుక్క, ముంజేతి మీద తేలు బొమ్మ, దాని పక్కన ముగ్గులా చుక్కలు. పచ్చరంగు కాస్త వెలిసి నీలంగా మారింది. చిన్నప్పుడు ఎరుకల ఆమె ఊళ్ళోకి వస్తే, మూడు సూదులు కలిపి కట్టి, దీపపు మసిలో ఆకు పసరు కలిపి పొడిచిందట. "ఏడ్చినాను మేడమ్. మా అవ్వ గట్టిగా పట్టుకొని, సచ్చినా వెంట వచ్చేది ఇదొక్కటేనే, ఓర్చుకో అన్నె" అని చెప్పింది.

రెండు వారాలకు సూపర్‌వైజర్ ఆమెను కింద బేస్‌మెంట్‌లో లాండ్రీకి మార్చాడు. గెస్టులకు "పల్లెటూరి వాసన" కనిపించకూడదట. అదే లాబీ పక్కన బార్‌లో డ్రింక్స్ కలిపే అబ్బాయికి భుజం నుంచి మణికట్టు దాకా టాటూలు. అతని ఫోటో హోటల్ బ్రోషర్‌లో ఉంది. ఆమె మార్పు కాగితం మీద సంతకం నాది. అప్పుడు నాకు ఉద్యోగంలో రెండో ఏడాది, ఎదురు చెప్పలేదు. ఆమె మాత్రం ఏమీ అనలేదు, "కింద ఉక్క ఎక్కువ మేడమ్" అంది అంతే.

సూది అదే, చర్మం అదే. రూలు పెడితే ఇద్దరికీ పెట్టాలి. మా అవ్వకూ నుదుటి మీద అదే చుక్క ఉండేది. ఆ చుక్కను నేను "అన్‌ప్రొఫెషనల్" అని రాయలేను.

అపోహ: టాటూ కప్పుకోకపోతే జీతంలో కోత పెట్టొచ్చు.

వాస్తవం: షోరూముల్లో ఇది బాగా నడుస్తుంది, "లిప్‌స్టిక్ లేదు, 100. టాటూ కనిపించింది, 200" అని నోట్‌బుక్‌లో రాసుకుంటారు. ఇది చెల్లదు. ఏ తప్పులకు జరిమానా వేస్తారో ప్రభుత్వం నుంచి ముందే ఆమోదం తీసుకుని నోటీసు అంటించాలి. ఉద్యోగి వివరణ వినాలి. జరిమానా మొత్తం ఆ జీతం గడువులో వచ్చే వేతనంలో 3 శాతం దాటకూడదు. జరిమానా వేసి 90 రోజులు దాటాక వసూలు చేయకూడదు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఇదే ఉండేది, దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2019 వేతన కోడ్‌లోనూ ఇదే ఉంది. ఆ నోట్‌బుక్ పేజీని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

అపోహ: టాటూ ఉన్నవాళ్ళు వంటగదిలో, ఆసుపత్రిలో పనికిరారు, ఇన్ఫెక్షన్ వస్తుంది.

వాస్తవం: మానిపోయిన టాటూ మామూలు చర్మం లాంటిదే. కొత్తగా వేయించుకుని ఇంకా పొక్కులు కడుతున్నది మాత్రం పచ్చిపుండుతో సమానం, అది మానేదాకా తిండి పదార్థాలు ముట్టుకునే పని వద్దు. అసలు జాగ్రత్త పడాల్సింది గోళ్ళ గురించి. ఆసుపత్రుల్లో కృత్రిమ గోళ్ళు వద్దనేది వాటి కింద సూక్ష్మజీవులు చేరతాయనే. అలాంటి రూలుకు కారణం అడిగితే ఎవరైనా చెప్పగలరు. పీణ్యా ఫ్యాక్టరీల్లో తిరిగే మెషీన్ దగ్గర చున్నీ, గాజులు వద్దంటారు, దానికీ కారణం ఉంది. కారణం చెప్పలేని రూలు దగ్గరే నాకు అనుమానం.

అపోహ: అమ్మాయి టాటూ చూపిస్తోందంటే దాని గురించి మాట్లాడొచ్చు.

వాస్తవం: "బాగుంది, ఎక్కడ వేయించుకున్నావు?" అని ఎవరినైనా అడగొచ్చు. "ఇంకా ఎక్కడెక్కడ ఉన్నాయి?" అన్న ప్రశ్న వేరు. ఇష్టం లేని లైంగిక ధ్వని ఉన్న మాట 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం కిందికి వస్తుంది. పది మంది, అంతకంటే ఎక్కువ మంది ఉన్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. మా దగ్గరికి ఇలాంటిది వచ్చినప్పుడు ఎదుటి వ్యక్తి మొదటి మాట, "కనిపించేలా వేయించుకుంది కదా మేడమ్". కనిపించడం అనుమతి కాదని ఆ గదిలో నేను ఎన్నిసార్లు చెప్పానో. టాటూను చూసి అమ్మాయి గుణం లెక్కగట్టే అలవాటు ఇంటర్వ్యూ ప్యానెళ్ళలోనూ ఉంది. అబ్బాయికి "కూల్" అనేవాళ్ళే అమ్మాయికి "ఫోకస్ ఉంటుందా?" అని రాస్తారు. అలా రాసిన ఫీడ్‌బ్యాక్ నేను తీసుకోను.

అపోహ: దీక్ష, గుండు మతం కాబట్టి ఆఫీసు ఏమీ అనకూడదు.

వాస్తవం: నవంబరు వచ్చిందంటే నా మెయిల్ బాక్స్ నిండా అయ్యప్ప మాల గురించే. 41 రోజులు నల్లబట్టలు, గడ్డం, చెప్పులు లేని కాళ్ళు. మతం కోసం గడ్డం పెంచుకుంటానన్న వైమానిక దళ ఉద్యోగి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2016 డిసెంబరులో కోర్టు, గడ్డం వద్దన్న దళం నిబంధననే సమర్థించింది. ప్రైవేటు ఆఫీసుల్లో ఇంత బిగింపు అక్కర్లేదు, మాట్లాడుకుంటే ఎక్కువ భాగం తేలిపోతుంది. మాల వేసుకోవడానికి వారం ముందు మేనేజరుకు మెయిల్ పెట్టినవాళ్ళకు సాధారణంగా టెన్షన్ ఉండదు. వేసుకుని వచ్చాక గేటు దగ్గర సెక్యూరిటీతో వాదించినవాళ్ళకే గొడవ. ఫ్యాక్టరీ షాప్ ఫ్లోర్‌లో మాత్రం సేఫ్టీ బూట్లు తప్పవు, ఆ 41 రోజులూ వేరే పని ఇవ్వగలరేమో అడగండి. తిరుపతిలో గుండు చేయించుకుని వచ్చిన రిసెప్షనిస్టును "జుట్టు పెరిగేదాకా లోపల కూర్చో" అన్న మేనేజరుతో నేను మాట్లాడాను. మొక్కు తీర్చుకున్న మనిషిని దాచడం ఏమిటని అడిగితే, రెండో రోజు ఆమె తన కుర్చీలోకి వచ్చింది.

లేజర్‌తో వారంలో చెరిపేయొచ్చన్నదీ అపోహే. వారాల ఎడంతో చాలా సిట్టింగులు పడతాయి. నలుపు త్వరగా పోతుంది, కొన్ని రంగులు మొండికేస్తాయి, మన చామనఛాయ చర్మం మీద తెల్లమచ్చ మిగిలే ప్రమాదం ఉంది. ఆఫర్ వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. రక్తదానం గురించీ ఆఫీసు క్యాంపుల్లో అడుగుతుంటారు. టాటూ వేయించుకున్నాక 12 నెలలు ఆగితే చాలు, ఆ తర్వాత మామూలుగా ఇవ్వొచ్చు.

కదిరి అబ్బాయిని రెండు రోజుల తర్వాత మళ్ళీ పిలిపించాను, ఈసారి బ్యాండేజీ విప్పి రమ్మన్నాను. సెలెక్ట్ అయ్యాడు. ఇప్పుడు ఇంటర్వ్యూకు పిలిచే మెయిల్‌లోనే "టాటూ మాకు అభ్యంతరం కాదు. ద్వేషం, అశ్లీలం ఉన్న బొమ్మలు మాత్రం కప్పుకోవాలి" అని రెండు ముక్కలు చేర్చాం. మీ కంపెనీ అలా రాయకపోతే ఆఫర్ మీద సంతకం పెట్టే ముందు మీరే ఈ మెయిల్ పెట్టండి: "నా కుడి ముంజేతి మీద శాశ్వత టాటూ ఉంది, హాఫ్ హ్యాండ్స్ వేసుకుంటే కనిపిస్తుంది. మీ డ్రెస్ కోడ్‌లో దీనిపై ఏమైనా నిబంధన ఉంటే దయచేసి రాతపూర్వకంగా తెలియజేయగలరు." వచ్చిన జవాబును మీ సొంత మెయిల్‌కు కూడా పంపుకుని దాచుకోండి.